తేదీ సరిచేసిన సీతాకోకచిలుక

రిటైర్మెంటు కేకు కోస్తుంటే ఆఫీసులో కొత్తగా చేరిన ముగ్గురు నా చుట్టూ చేరారు. “శామ్ అంకుల్, సీతాకోకచిలుకల సర్వే ఎలా చేయాలో మాకు రాసివ్వండి” అన్నారు. నోటి నిండా కేకు ఉండబట్టి కాదనలేకపోయాను. ఎలా చేయాలో మాన్యువల్లో ఉంది. అది రాసింది నేనే, రెండు పేజీలు చదివితే ఎవరికైనా హాయిగా నిద్ర పడుతుంది. ఎలా చేయకూడదో మాత్రం ఎక్కడా లేదు. ఆ విద్యలో క్యాన్‌బెరా మొత్తంలో నన్ను మించినవాడు లేడు. చేయకూడనివన్నీ స్వయంగా చేసినవాణ్ణి.

ఆ ముగ్గురిలో ఒకమ్మాయి, హైదరాబాదు నుంచి వచ్చిన రుఖ్సానా, నన్ను పక్కకి పిలిచి ఇంకో మాట చెప్పింది. “తెలుగులోనే రాయండి అంకుల్. ఇంగ్లీష్‌లో అయితే మీరు రిపోర్ట్ రాసినట్టు రాస్తారు, నిజం చెప్పరు.” అందుకని తెలుగులో రాస్తున్నాను. మిగతా ఇద్దరికీ ఆమే చదివి చెప్పాలి.

తేదీల మనిషి

నా అసలు పేరు వేమూరి సాంబశివరావు. మాది తెనాలి దగ్గర. చదివింది బీకాం. హైదరాబాదులో ఒక మేడ మీది ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలలు కోబాల్ నేర్చుకుని ప్రోగ్రామర్నయ్యాను. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు ఉండేవి. తొంభై తొమ్మిది దాటి సున్నా సున్నా వస్తే కంప్యూటరు దాన్ని పందొమ్మిది వందలు అనుకుంటుందని లోకమంతా హడలిపోయింది. ఆ భయం పుణ్యమా అని మాలాంటివాళ్ళం విమానాలెక్కాం.

నేను క్యాన్‌బెరాలో ఒక ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు మీద చేరి రెండేళ్ళపాటు తేదీలు సరిచేశాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే పని. తప్పు తేదీ కనబడితే చెయ్యి ఊరుకునేది కాదు. శుభలేఖ వస్తే పెళ్ళికూతురి పేరు కంటే ముందు తేదీ చూసేవాణ్ణి. సరిచేసిన ప్రతిచోటా పక్కన మా పేరులోని పొడి అక్షరాలు, ఏం సరిచేశామో ఒక ముక్క రాసిపెట్టాలని మా టీంలో నియమం. నిద్రలో కూడా తప్పనంతగా అది నాకు అలవాటైపోయింది.

రెండువేల సంవత్సరం వచ్చింది. దీపాలు వెలిగాయి, ఫోన్లు మోగాయి, ఏమీ కాలేదు. మేం పని బాగా చేశామనడానికి అదే సాక్ష్యం, మాతో ఇక పని లేదనడానికీ అదే. మూడు నెలల్లో టీం మొత్తం ఖాళీ. సగంమంది సిడ్నీ వెళ్ళి హారిస్ పార్క్‌లో ఒక్కో ఫ్లాట్‌లో ఆరుగురు చొప్పున సర్దుకున్నారు. మా ఆవిడ ఇందిరకి ఇక్కడ చైల్డ్‌కేర్‌లో ఉద్యోగం ఉంది, పాప లహరి స్కూల్లో చేరింది. నేను క్యాన్‌బెరా శివారు గంగాలిన్‌లో అద్దె ఇంట్లో కూర్చుని పేపర్లో ప్రకటనలు చూసేవాణ్ణి. ఒకరోజు చిన్న ప్రకటన కనబడింది. పురుగుల రికార్డులు దాచడానికి డేటాబేస్ చేసిపెట్టేవాళ్ళు కావాలట.

షీలా

ప్రకటన ఇచ్చింది షీలా. ముగ్గురు మనుషుల సర్వే కంపెనీకి యజమాని. అప్పటికే అరవైకి దగ్గరపడింది. ఇంగ్లండు దక్షిణాన సుద్దకొండల మధ్య పుట్టి పెరిగిందట. అక్కడ వేసవి సెలవులంటే గడ్డికొండల మీద సీతాకోకచిలుకల వెంట తిరగడమేనట. క్యాన్‌బెరాలో సున్నపురాయి పైకి తేలిన గడ్డినేల ఎక్కడ కనబడినా, “ఇది మా ఊరికి దూరపు చుట్టం” అనేది.

డేటాబేస్ సంగతి నేను ఎత్తగానే, “అందులో ఏం దాచాలో ముందు కళ్ళతో చూడు” అని మర్నాడు పొద్దున్నే కొండకి రమ్మంది. నేను తెల్లటి స్పోర్ట్స్ షూస్, ఇస్త్రీ చొక్కా, కాస్త సెంటు, చేతిలో గొడుగుతో హాజరయ్యాను. తెనాలివాణ్ణి, ఎండంటే నాకు తెలుసు. గొడుగు నీడ పడ్డ ప్రతిచోటా సీతాకోకచిలుకలు లేచి ఎగిరిపోయాయి. మధ్యాహ్నానికి షీలా నా భుజం తట్టింది. “నువ్వు చాలా పనికొచ్చావు శామ్. ఈ కొండ మీద ఎన్ని ఉన్నాయో లెక్క తేలింది. అన్నిటినీ లేపేశావు” అంది.

ఇంట్లో ఇందిర ఇంకోరకం లెక్క తీసింది. “ఏమండీ, పురుగుల వెనక పరిగెత్తడానికా ఇంతదూరం వచ్చింది? అన్నయ్య ఫోన్ చేసి బావ ఏం చేస్తున్నాడంటే నేనేం చెప్పను?”

“ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నాడని చెప్పు.”

“అంటే ఎండలో తిరుగుతున్నాడనేగా! వెర్రి వెయ్యి విధాలని ఊరికే అన్నారా?”

లహరి నా కొత్త టోపీ వైపు చూసి, “నాన్నా, ప్లీజ్ డోంట్ వేర్ దట్ టు మై స్కూల్” అంది. ఆ టోపీ ఇప్పటికీ ఉంది. అది పెట్టుకుని నేను లహరి స్కూలుకి ఎప్పుడూ వెళ్ళలేదు.

వెతకడం, తీయడం

ఇక పని సంగతి. కొత్తవాళ్ళు పువ్వుల్ని చూస్తారు. నేనూ ఒక వేసవంతా పువ్వుల్నే చూశాను. షీలా మొక్క మొదట్లో చీమల్ని చూసేది. మేం వెతికేదాన్ని ఆఫీసులో ‘రాగిది’ అనేవాళ్ళం. వేసవిలో తెల్లగా పూసే ఒక ముళ్ళపొద ఉంటే తప్ప అది బతకదు. పొద ఒక్కటే చాలదు. పొద కింద ఒక జాతి చీమలు ఉండాలి. దాని గొంగళిపురుగుల్ని ఆ చీమలు గేదెల్ని కాసినట్టు కాస్తాయి. పొద, చీమ రెండూ ఉన్నచోట, ఎండ బాగా కాసి గాలి పడిపోయిన మధ్యాహ్నం, మగవి కొండ నెత్తిన ఏదో ఒక కొమ్మ చివర కూర్చుని ఆడవాటి కోసం కాపు కాస్తాయి. అదీ ఏడాదికి కొద్ది వారాలే. ఆ వారాల్లో మీకు దగ్గరవాళ్ళ పెళ్ళి ఉంటే అక్షింతలు పోస్టులో పంపండి.

అది బొటనవేలి గోరంత ఉంటుంది. రెక్కలు విప్పితే తోమిన రాగిచెంబు రంగు. మూస్తే ఎండుటాకు. ఫొటో తీయాలంటే మోకాళ్ళ మీద నడవాలి, నీడ వెనక్కి పడాలి, ఊపిరి బిగబట్టాలి. నా పొట్టతో ఈ మూడూ ఒకేసారి కుదిరేవి కావు. ముక్కులో ఈగ దూరినా కదలకూడదు. ఆస్ట్రేలియా ఈగ ముక్కులో దూరకుండా ఉన్న రోజు నాకు గుర్తులేదు.

షీలా పెట్టిన పద్ధతి ఒకటుంది, ఇప్పుడు మాన్యువల్లో మొదటి పేజీలో ఉంటుంది. ముందు దగ్గరగా ఒక ఫొటో. కెమెరా కళ్ళ దగ్గర్నుంచి దించకుండా కొమ్మతో ఒకటి, కొండతో ఒకటి. చివర్న చేత్తో తేదీ రాసిన నోట్‌బుక్ పేజీ పక్కన పెట్టి ఒకటి. “అందాన్ని ఎవడైనా తీస్తాడు శామ్, నువ్వు చోటుని తీయి” అనేది. నేను తలూపేవాణ్ణి. తలూపడంలో నాకు చిన్నప్పట్నుంచీ మంచి పేరుంది.

కొండ

రెండో వేసవిలో మాకు గంగాలిన్ ఉత్తరాన ఒక చిన్న కొండ అప్పగించారు. చుట్టూ కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. ఒక కంపెనీ ఆ కొండని చదును చేసి ప్లాట్లు వేయాలనుకుంది. రాగిది అక్కడ ఉందని రుజువైతే కొండ మిగులుతుంది. లేదంటే పోతుంది. తేల్చి చెప్పాల్సింది మేం.

షీలా అంతకుముందు అలాంటి కొండలు రెండు పోగొట్టుకుంది. ఉందని తెలుసు, చూపించలేకపోయింది. ఈ కొండ మీద పొదలున్నాయి, చీమలున్నాయి. ఇక్కడ తప్పకుండా ఉంటుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం నాకూ అంటుకుంది. మొదట్లో జీతం కోసం వచ్చినవాణ్ణి, ఆ వేసవికి నాకు కలలో కూడా ఆ పొదలే కనబడేవి.

మా తెలుగువాళ్ళలో కథ వేరేగా ఉండేది. నాతోపాటు తేదీలు సరిచేసిన ప్రసాద్ అక్కడ ప్లాటు కోసం పేరు ఇచ్చుకున్నాడు. వరసకి బావమరిది కూడా. ఒక ఆదివారం బార్బెక్యూ పొయ్యి దగ్గర చికెన్ తిప్పుతూ నన్ను పట్టుకున్నాడు. “బావా, నీకు దణ్ణం పెడతా. ఆ బటర్‌ఫ్లై ఏదో నెక్స్ట్ సబర్బ్‌లో చూసుకో. పిల్లలకి స్కూల్ దగ్గరని మా ఆవిడ వాస్తు కూడా చూపించేసింది.” నేను నవ్వి ఊరుకున్నాను. నా చేతిలో అంత అధికారం ఉందనుకుంటున్నాడని లోపల కాస్త గర్వం కూడా వేసింది.

ఆవకాయ రోజు

జనవరిలో ఒక మధ్యాహ్నం ఇద్దరం కొండ మీద ఉన్నాం. నా డబ్బాలో పెరుగన్నం, ఆవకాయ. షీలా రుచి చూస్తానంది. వద్దంటే వినకుండా ముక్క మొత్తం నోట్లో వేసుకుంది. మరుక్షణం నీళ్ళకోసం కొండ దిగి కారు దగ్గరికి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే రాగిది వచ్చి నా ముందు కొమ్మ చివర వాలింది.

మా ఆఫీసు కెమెరా ఫ్లాపీలో ఫొటోలు దాచే రకం, ఇటుకంత బరువు. బ్యాటరీ అయిపోయింది. గబగబా కొత్తది వేశాను. గడియారం చెదిరిపోయి, తేదీ ఎంతో చెప్పమని కెమెరా అడిగింది. రెండేళ్ళు తేదీలతో కాపురం చేసినవాణ్ణి, ఆ ఒక్క క్షణం తేదీని లెక్కచేయకుండా మీట నొక్కి ముందుకెళ్ళాను. రెక్కలు విప్పినప్పుడు, మూసినప్పుడు కలిపి పదకొండు ఫొటోలు తీశాను. అన్నీ దగ్గర్నుంచే. కొమ్మతో లేదు, కొండతో లేదు, నోట్‌బుక్ జేబులోనే ఉంది. అది ఎగిరిపోయాక, ఎర్రబడ్డ మొహంతో నీళ్ళ సీసా పట్టుకుని ఎక్కివస్తున్న షీలాని సరదాకి ఒకటి తీశాను. ఆమె వెనకాల, కంపెనీవాళ్ళు ఆ వారమే పాతిన గులాబీరంగు రిబ్బన్ల మేకులు వరసగా ఉన్నాయి.

షీలా కెమెరా లాక్కుని తెరమీద రాగిదాన్ని చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇది పచ్చడి వల్ల కాదు” అంది.

ప్రోగ్రాం

సాయంత్రం ఇంట్లో కాఫీ తాగుతూ ఫ్లాపీని కంప్యూటర్లో పెట్టాను. ఫొటోలన్నిటికీ కెమెరా తయారైన సంవత్సరం, జనవరి ఒకటి అని పడింది. అప్పుడేం చేయాలి? షీలాకి ఫోన్ చేసి చెప్పాలి. నాకు ఆ ఆలోచనే రాలేదు. తప్పు తేదీ కనబడింది, చెయ్యి ఊరుకోలేదు.

ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అది ఫొటోలన్నిటి తేదీ మార్చింది. కెమెరా ఇచ్చిన వరస నంబర్లు అందంగా లేవని పేర్లు కూడా మార్చింది. ప్రతి ఫొటో ఫైలు లోపలా నియమం ప్రకారం ఒక ముక్క రాసింది: ‘తేదీ సరిచేయబడినది. వి.ఎస్.ఆర్.’ మార్చినవాటిని అదే ఫ్లాపీ మీద, పాతవాటి మీదే దాచాను. మార్చేముందు కాపీ తీసి పెట్టుకోండ్రా అని రెండేళ్ళపాటు జూనియర్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరినవాణ్ణి నేనే. పని శుభ్రంగా అయిందని తృప్తిగా ఇంకో కాఫీ తాగాను.

మీటింగు

నాలుగు వారాల తర్వాత ప్రభుత్వ ఆఫీసర్ ముందు మీటింగు. ప్లాట్ల కంపెనీ తరఫున వచ్చిన నిపుణుడు నెమ్మదైన మనిషి, ఫ్లాపీ ముందే తెప్పించుకుని చూశాడు. ఫొటోలు చాలా బాగున్నాయని మొదట నన్ను మెచ్చుకున్నాడు. నేను ఉబ్బిపోయాను. తర్వాత కళ్ళజోడు సర్దుకుని ఫైలు లోపలి ముక్క చదివాడు. “ఈ వి.ఎస్.ఆర్. ఎవరో తెలుసుకోవచ్చా?”

ఆయన నా వైపు చూడనైనా లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనే చెయ్యెత్తాను. కెమెరా గడియారం చెదిరిందని, సరైన తేదీయే వేశానని, వై2కేలో, అంటే ఆ రెండువేల సంవత్సరం తేదీల పనిలో, పనిచేశానని కూడా చెప్పాను. ఆ చివరి మాటకి అందరూ నవ్వారు. ఆఫీసర్ కూడా నవ్వి, ఆ ఫొటోల్ని సాక్ష్యంగా తీసుకోలేనని చెప్పాడు. ఈ వేసవి ముగిసేలోగా ఇంకో రుజువు తెస్తే చూస్తానన్నాడు.

బయట మెట్ల మీద షీలా గొంతు పెంచలేదు. “తేదీ తప్పుగా ఉన్నప్పుడు అది నిజమైన ఫొటో శామ్. కెమెరా వరస నంబర్లు ఉండేవి. నీ రాగిది, దాని తర్వాతి నంబర్లో నా మొహం, నా వెనక ఆ వారం పాతిన మేకులు. పది నిమిషాల్లో ఒప్పించేదాన్ని. ఇప్పుడు ఆ వరస ఏది?”

సిగ్గుతో చచ్చిపోయాను. మోసం చేయాలనుకుని ఉంటే ఇంకాస్త తెలివిగా చేసేవాణ్ణేమో. మంచిపని చేస్తున్నాననుకుని కింద సంతకం కూడా పెట్టాను.

ఎనిమిది రోజులు

రాగిది ఎగిరే కాలం ఇంకా రెండు వారాలుంది. అందులో వాన కొన్ని రోజులు, ఎక్కడో అంటుకున్న అడవుల పొగ కొన్ని రోజులు తినేశాయి. మిగిలినవి ఎనిమిది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు రోజూ తొమ్మిదింటికే కొండ మీద ఉండేవాణ్ణి. మెడలో కెమెరా, జేబులో రెండు బ్యాటరీలు, చేతిలో తేదీ వేసిన నోట్‌బుక్. ఇందిర కూడా వెక్కిరించడం మానేసి, “దొరుకుతుందిలెండి” అని డబ్బా కట్టి ఇచ్చేది. ఏడు రోజులు ఏమీ కనబడలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం రెండున్నరకి గాలి పడిపోయింది. షీలా కింద పొదల్లో ఉంది. నేను నెత్తిన ఉన్నాను. రాగిది వచ్చింది. అదే కొమ్మ. వాలి, ఒకసారి తిరిగి, రెక్కలు పూర్తిగా విప్పింది. నేను మోకాళ్ళ మీద ఉన్నాను, నీడ వెనక్కే ఉంది, ఊపిరి బిగబట్టాను. కెమెరా ఎత్తాను. ఎత్తి, ముందు తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాను.

ఉంది. నిమిషంతో సహా సరిగ్గా ఉంది. తలెత్తేసరికి కొమ్మ ఖాళీ.

నా కేకకి షీలా ఆ వయసులో పరుగెత్తుకుంటూ పైకి వచ్చింది. “చూశావా?”

“చూశాను.”

“తీశావా?”

“తేదీ చూసుకున్నాను.”

ఆమె రాయి మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇద్దరం పొద్దువాలేదాకా ఆ కొమ్మ ముందే కూర్చున్నాం. అది మళ్ళీ రాలేదు. లేవబోతూ షీలా అడిగింది, “రెక్కలు విప్పిందా?” విప్పిందన్నాను. “ఎలా ఉంది?” అంది. ఆమె దాన్ని ఆ కొండ మీద నా ఫొటోలో తప్ప ఒక్కసారి కూడా చూడలేదని నాకు అప్పుడే తట్టింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో, అంచు దగ్గర ఊదారంగు తళుకు దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. చిన్నపిల్ల కథ విన్నట్టు విన్నది.

రిపోర్టు

షీలా రిపోర్టులో మూడు ముక్కలు రాసింది. ‘ఫొటో లేదు. సర్వేయరు చూశానన్నాడు. నేను అతణ్ణి నమ్ముతున్నాను.’

ఆ చివరి మాట తీసేయమని బతిమాలాను. తేదీలు మార్చినవాణ్ణి నమ్ముతున్నానంటే ఆమె పరువు కూడా పోతుందని నా భయం. “చూసింది చూసినట్టు రాయకపోతే అది కూడా తేదీ మార్చడమే శామ్” అంది. ఆఫీసర్ ఆ మాటని లెక్కలోకి తీసుకోలేదు. చలికాలం రాకముందే యంత్రాలు వచ్చాయి.

ఆ కొండ నావల్ల పోయింది. ఇన్నేళ్ళలో చాలామంది కాదులే అన్నారు, ఇందిర కూడా అంది. షీలా మాత్రం ఎప్పుడూ అలా అనలేదు, అందుకు ఆమె మీద నాకు గౌరవం. ఉద్యోగంలోంచి తీసేయలేదు కూడా. పై వేసవికి ఇంకో కొండని నా ఒక్కడికే అప్పగించింది, కెమెరా నా చేతికిస్తూ, “గడియారం వంక చూడకు” అంది. ఆ కొండ మిగిలింది. తర్వాత ఇంకొన్ని మిగిలాయి. మీరు ఆఫీసు గోడ మీద చూసే ఫొటోలు వాటివే. వాటి గురించి గొప్పగా చెప్పుకోవడానికి నాకు పెద్దగా ఏమీ లేదు, మాన్యువల్ ప్రకారం చేశాను. షీలా పోయి ఆరేళ్ళయింది.

మీరూ తప్పులు చేస్తారు. కెమెరా తప్పు, గడియారం తప్పు, మొక్క పేరు తప్పు. చేసిన తప్పుని చేసినట్టే ఉంచి పక్కన కాగితం మీద చెప్పండి. దయచేసి దాన్ని అందంగా సర్దకండి. చదువుకున్నవాళ్ళకి ఇది చాలా కష్టం, నాకు తెలుసు.

ఆ కొండ ఉన్నచోట ఇప్పుడు ఒక వీధి ఉంది. మధ్యలో కాస్త ఎత్తుగా ఉంటుంది, పూర్తిగా చదును కాలేదు. ఆ ఎత్తు మీదే ప్రసాద్ ఇల్లు. ప్రతి జనవరిలో, గాలి లేని ఒక మధ్యాహ్నం, ట్రామెక్కి వెళ్ళి అతని లెటర్‌బాక్సు పక్కన నిలబడతాను. ప్రసాద్ తలుపు తీసి, “వచ్చావా బావా, టోపీ కూడా అదేనా?” అని కాఫీ కప్పు తెచ్చి చేతిలో పెడతాడు. మొదట్లో వెక్కిరించేవాడు. ఇప్పుడు అతనూ ఒక కప్పు తెచ్చుకుని పక్కన నిలబడి, నాతోపాటు రోజా మొక్కల వైపు చూస్తాడు. మూడు దాటాక కప్పు తిరిగిచ్చి నోట్‌బుక్ తీస్తాను. తేదీ, టైము, గాలి రాసి, వాటి కింద ‘కనబడలేదు’ అని రాసి, వి.ఎస్.ఆర్. అని సంతకం పెట్టి ఇంటికి వస్తాను.